అక్క చేసిన సముద్రం

అక్క పోయిందన్న కబురు నాకు హిందీలో వచ్చింది. "దీదీ నహీ రహీ" అన్నాడు, మాతో చదువుకున్న కుర్రాడు ఫోన్‌లో. పొయ్యి మీద కూర మాడుతోంది. "ఏ దీదీ?" అని అడిగాను, తెలిసి కూడా. కామెర్లు తగ్గుముఖం పట్టాయని ముందురోజే విన్నాను. తగ్గుముఖమట! ఆ మాట అన్నవాళ్ల నోట్లో మన్ను పడ.

మీలో ఎవరికీ ఆవిడ తెలియదు. తెలియకుండా చేసినవాళ్లున్నారు. పేరు నేనూ రాయను. తన సముద్రం కింద రాయని పేరు నా వ్యాసంలో రాస్తే ఎవరికేం ఒరుగుతుంది?

మా టాటానగర్‌లో, సోనారి పేటలో ఒక మేడ మీద మాకు కంప్యూటర్ గ్రాఫిక్స్ నేర్పేది. వాళ్ల నాన్న టాటానగర్ రైల్వేలో చేస్తూనే పోయాడు. సీతారామ్‌డేరా పేటలోని ఇంట్లో తనూ, తల్లీ. మాకందరికీ అక్క, హిందీవాళ్లకు దీదీ.

మొదటిసారి మమ్మల్ని సముద్రం చెయ్యమన్నప్పుడు అందరం ఒకే తప్పు చేశాం. మేం పుట్టి బుద్ధెరిగి చూసిన పెద్ద నీళ్లు డిమ్నా లేక్ ఒక్కటే. సాఫ్ట్‌వేర్‌లో అల ఎత్తు తగ్గించి, గాలి తగ్గించి, నీళ్లు తళతళా మెరిసేలా పెట్టి మురిసిపోయాం. అక్క ఒక్కో తెర ముందూ ఆగి నవ్వింది. "ఓలమ్మో, అందరూ కలిసి డిమ్నాకి పిక్నిక్ తీసుకొచ్చీసేరేటే! ఇందులో ఓడ తేల్తాదా, బాతు తేల్తాదా?"

తర్వాత సాసర్‌లో టీ పోసింది. ఊదింది. సన్నటి ముడతలు లేచాయి. "ఇది ఇక్కడి గాలి." మోకాలితో బల్లని నెమ్మదిగా నెట్టింది. టీ అంతా ఒక పక్కకి ఒరిగి వెనక్కొచ్చింది. "ఇది ఎక్కడో దూరంగా పుట్టి వచ్చిన పెద్ద అల. రెండింటికీ దిక్కులు ఏరే పెట్టండి. ఒకే దిక్కు పెడితే దుప్పటి మడతల్లాగుంటాది." చెప్పి ఆ టీ తాగేసింది. నురగ ఎక్కువ పెడితే ఒప్పుకునేది కాదు. "నురగ పంచదారేటే, సల్లడానికి? అల ఇరిగిన కాడే ఉంటాది" అనేది. ఇప్పటికీ నురగ ఎంతో పెట్టే అంకె దగ్గర నా చెయ్యి ఆగుతుంది.

ఊళ్లోని ఒక స్టూడియో యజమానికి ఏదో సినిమాలో ఓడ మునిగే దృశ్యం పని దొరికింది. అతనికి సముద్రం చెయ్యడం రాదు. అక్క కాళ్లావేళ్లా పడ్డాడు. "తెర మీద మీ పేరే వేయిస్తాను దీదీ" అని మా అందరి ముందూ అన్నాడు. అక్కకి ఆ మాటే చాలు. క్లాసులయ్యాక అక్కడే కూర్చుని నెలల తరబడి చేసింది. ఓడ పక్కన నీళ్లు చీలే తీరు నచ్చక ఎన్నిసార్లు చెరిపిందో నేను చూశాను.

సినిమా వచ్చిన ఆదివారం మా తెలుగువాళ్ల వీధి వీధంతా హాలుకి వెళ్లింది. ఓడ మునుగుతుంటే ఈలలు వేశాం. సినిమా అయిపోయి జనం లేచిపోయినా మేం లేవలేదు. పేర్లు కదులుతున్నాయి. చీపుళ్లు పట్టుకుని వచ్చినవాళ్లు మమ్మల్ని వింతగా చూశారు. సముద్రం చేసినవాళ్ల పేరుండే వరస రానే వచ్చింది. అక్కడ ఉన్నది ఆ యజమాని పేరు.

అక్క తల్లికి చదువు రాదు. "ఏదే నీ పేరు? వచ్చిందేటి?" అంది.

"వచ్చిందమ్మా. జోరుగా ఎల్లిపోనాది."

తర్వాత సినిమా టీవీలో దొరికితే తల్లి పట్టుబట్టింది. అక్క తెర ఆపి, ఆ వరస మీదే వేలు పెట్టి, తన పేరని చూపించింది. నేనక్కడే ఉన్నాను. బయటికొచ్చి గొడవపడ్డాను. "ఏటి సెయ్యమంటావే? సదువొచ్చింది నాకు గదా. ఆ ఏడుపేదో నాకొక్కదానికే సాల్దా?" అంది. స్టూడియోకి వెళ్లి అడిగితే "అగలీ బార్ పక్కా, దీదీ" అన్నాడట. వచ్చేసారి తప్పకుండానట. ఆ తర్వాత అక్క సముద్రం చెయ్యలేదు. మాకు మాత్రం నేర్పడం మానలేదు. నాకు ఈ పనీ, ఈ అన్నమూ అక్క పెట్టినవే.

దినం రోజు ఆ యజమాని దండ పట్టుకుని వచ్చాడు. సిగ్గన్నది ఉంటేగా! ఫొటోకి దండ వేసి, కుర్చీలో కూర్చుని కళ్లు తుడుచుకున్నాడు. వచ్చినవాళ్లందరికీ చూపించినట్టే అతనికీ చూపించాలని తల్లి టీవీ పెట్టించింది. పేర్లు వచ్చాక ఆపమంది. తడుముకోకుండా సరిగ్గా ఆ వరస మీదే వేలు పెట్టింది.

"యే దేఖో బాబూ, మేరీ బేటీ కా నామ్." ఇదిగో, తన కూతురి పేరట.

అతను తన పేరు తనే చదువుకున్నాడు. మా అందరి వైపూ చూశాడు. నా పళ్లు పటపటలాడాయి. కానీ ఆ ముసలావిడ ముందు ఏం అనను?

"జీ, మాతాజీ" అన్నాడు తల దించుకుని.

ఆవిడ తృప్తిగా తలాడించింది. టీవీ అద్దం మీద తన వేలిముద్ర పడింది. పైట చెంగు తీసి దాన్ని తుడిచింది, కింద ఉన్న పేరు చెరిగిపోతుందేమోనన్నట్టు, మెల్లగా.