లోపలి గడియ

ఆఫీసులో అందరూ ఆవిడను స్కేలు మేడం అంటారు. భవనాలకు ప్లాన్లు గీస్తుంది, గీత కాస్త పక్కకు పోయినా ఊరుకోదు. నిలువ నీడ లేనివాళ్లు తలదాచుకునే భవనం పని చేతికొచ్చినప్పుడు మాత్రం గీతలకంటే ముందు సొంత అన్న గుర్తొచ్చాడు. వ్యాపారం మునిగి, వదిన పోయాక ఆయన బస్టాండు పక్కన మూసేసిన దుకాణం అరుగు మీదే ఉంటున్నాడు. ఇంటికి రమ్మని కాళ్లావేళ్లా పడినా రాడు. చెల్లెలి మొగుడి పంచన పడి ఉండటం తనవల్ల కాదంటాడు.

"నువ్వు కట్టే చోటికైతే వస్తానే," అన్నాడు ఒకరోజు. "కానీ తలుపుకి లోపల గడియ పెట్టించు. ఇదివరకు మాలాంటివాళ్లను పడుకోబెట్టిన పాత షెడ్డులో రాత్రిళ్లు బయటినుంచి వేసేవాళ్లు. నాకు కన్ను మూతపడేది కాదు."

మాటిచ్చింది. పెద్ద హాలును చిన్న చిన్న గదులు చేసింది. మంచం పక్కన సామానుకు అర, చదువుకోవడానికి దీపం, తలుపుకు లోపల గడియ. ప్లాను చూసి ఆఫీసులో పెద్దసారు మురిసిపోయాడు. గడియ దగ్గర మాత్రం ఆగాడు.

"లోపల వేసుకుని ఏ అఘాయిత్యమో చేసుకుంటే ఎవరమ్మా జవాబు చెప్పేది? బయట పెట్టించండి. లేకపోతే ఫైలు కదలదు."

అవసరమైతే కాపలావాడు బయటినుంచి తీయగలిగే గడియలున్నాయని నమూనా తెచ్చి మరీ చూపించింది. ఆయన దాన్ని ముట్టుకోనైనా లేదు. వానలు నెత్తిమీదకొచ్చాయి. ముందు కప్పు పడనీ, గడియ సంగతి తర్వాత చూద్దామని, గడియ బయటికి మార్చిన ప్లాను మీద సంతకం పెట్టింది. ఆఫీసులో తర్వాత అంటే ఎప్పటికీ కాదని ఆవిడకు తెలియదా? తెలుసు. తెలిసే పెట్టింది.

ప్రారంభానికి పెద్దమనుషులొచ్చి పరుపులు నొక్కి చూసి, ఆహా ఓహో అని ఫొటోలు దిగారు. అక్కడ పడుకోవలసిన ఖర్మ వాళ్లకెవరికీ లేదు కాబట్టి తలుపు వంక ఒక్కరూ చూడలేదు.

వాళ్లు వెళ్లాక అన్న వచ్చాడు. తల దువ్వుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని, సంచీ చంకలో పెట్టుకుని వచ్చాడు. ఆవిడే గది చూపించింది. మంచం మీద కూర్చుని దీపం వెలిగించాడు. నవ్వాడు కూడా. తర్వాత లేచి తలుపు వేసి, చెక్కను పైనా కిందా తడిమాడు. చేతికేమీ తగల్లేదు. తలుపు తెరిచి చూస్తే కొత్త గడియ బయట మెరుస్తోంది.

"మార్పిస్తానన్నయ్యా. కొంచెం ఓపిక పట్టు."

"నీ తప్పేం లేదులేమ్మా."

నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది. సంచీ తీసుకుని అరుగుకే వెళ్లిపోయాడు.

ఆవిడ ఇల్లు చేరేసరికి వాన మొదలైంది. లోపలికి వచ్చి తలుపు మూసింది. చెయ్యి దానంతటదే పైకి వెళ్లి గడియ వేసింది.