ఆరింటికల్లా చీకటి పడే పెరడు

మా పక్కింటి విశ్వనాథం అంకుల్‌కి వెలుతురంటే పడదు. పగలంతా ఎండలోనే తోటపని చేస్తారు, అది వేరే సంగతి. సాయంత్రం ఆరు దాటాక తన పెరట్లో వెలుతురు కనిపించిందంటే మాత్రం, ఇంట్లోకి పాము దూరినట్టు గెంతుతారు.

టెక్సస్‌లోని ఈ కాపెల్ ఊళ్ళో వాళ్ళింటికీ మా ఇంటికీ మధ్య ఒక చెక్క కంచె. ముప్పై ఏళ్ళు సాఫ్ట్‌వేర్ టెస్టర్‌గా పక్కవాళ్ళ ప్రోగ్రాముల్లో తప్పులు పట్టి రిటైరైన మనిషి, ఇప్పుడు సూర్యుడిలో తప్పులు పడుతున్నారు.

"ఈ టెక్సస్ సూర్యుడికి టైమింగ్స్ లేవమ్మా త్రివేణీ. జూన్‌లో రాత్రి ఎనిమిదిన్నరైనా లాగౌట్ అవడు!"

ఇంతకీ ఆయన బాధ చామంతుల గురించి. రాత్రులు పొడుగైతే తప్ప చామంతి మొగ్గ వేయదు. అంటే అక్టోబరు దాకా ఆగాలి. ఆయన ఆగరు. ఆగస్టు పదహారుకల్లా పూయాలని పంతం. అందుకని జూన్ నుంచి రోజూ సాయంత్రం ఆరింటికి ముప్పై కుండీల మీద నల్లటి మందపాటి గుడ్డ కప్పడం, పొద్దున్న ఎనిమిదింటికి తీయడం.

"ఆ రోజే ఎందుకు అంకుల్?"

"మీ ఆంటీకి పూజ ఉంది" అని మాట దాటేశారు.

మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకుంటే నాలుగో కథ మధ్యలో లేచి నిలబడ్డారు.

"ప్రసాదం తీసుకోకుండా వెళ్తే ఏమవుతుందో ఐదో కథలో ఉందండీ!" అన్నారు ఆయన భార్య కృష్ణకుమారి ఆంటీ.

"అది పూర్తయ్యేలోపు ఆరవుతుంది. స్వామికి నేను సర్దిచెప్పుకుంటాలే" అంటూ చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తారు.

అక్కడితో ఆగితే బాగుండేది. నాకప్పుడు అయిదో నెల. రాత్రికి నాలుగుసార్లు బాత్రూమ్‌కి లేవాలి. ఒకరోజు పొద్దున్నే నల్ల కాగితం, టేపు పట్టుకుని మా గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు.

"ఏమీ అనుకోకమ్మా. మీ బాత్రూమ్ కిటికీకి అంటిస్తాను."

"గుడ్డ కప్పాక వెలుతురు ఎలా వెళ్తుంది అంకుల్?"

"సూది బెజ్జం చాలమ్మా. రాత్రి అనుకుని నిద్రపోయే మొక్క, తెల్లారిందనుకుని లేచి కూర్చుంటుంది. నువ్వు లేచినట్టే."

నాకు ఒళ్ళు మండింది. అసలే ఆ రోజుల్లో నా మనసు బాలేదు. అమ్మకి వీసా ఇంటర్వ్యూ స్లాట్ దొరకలేదు. అమ్మ రాకపోతే సీమంతమే వద్దని నా భర్త రాకేష్‌కి తెగేసి చెప్పాను. నేనంత దుఃఖంలో ఉంటే ఈయనకి మొక్కల నిద్ర ముఖ్యమైపోయిందని నా కోపం.

మరి ఈ చీకటి విద్య ఆయన ఎక్కడ నేర్చుకున్నారనుకున్నారు? యూట్యూబ్‌లో. దాన్ని అందరికంటే శ్రద్ధగా నేర్పేది గంజాయి పెంచేవాళ్ళట. మెడ నిండా పచ్చబొట్లున్న ఒక కుర్రాడి వీడియోలు చూస్తూ, నోట్సు రాసుకుంటూ, ఆ కుర్రాణ్ణి "గురువుగారు" అనేవారు. ఆ గురువుగారి భాషే కొంప ముంచింది. జూలైలో మా కాలనీ అసోసియేషన్ గ్రూప్‌లో ఇంగ్లీషులో ఒక సందేహం పెట్టారు: "నల్ల గుడ్డ కింద నా మొక్కలు నాలుగో వారంలో ఉన్నాయి. ఆగస్టు పదహారుకి మంచి పూత రావాలంటే ఏం చేయాలి? పూర్తిగా ఆర్గానిక్."

మొక్క పేరు రాయడం మర్చిపోయారు.

మర్నాడు సాయంత్రం ఆరున్నరకి అసోసియేషన్ నుంచి డెబ్రా అనే ఆవిడ ఊడిపడింది. గుడ్డ తీయమంది.

"రేపు ఎనిమిదింటికి రండి మేడమ్. ఇప్పుడు తీయకూడదు" అన్నారు అంకుల్ కుండీలకి అడ్డంగా నిలబడి.

వెలుతురులో చూడకూడని మొక్క ఏమిటని ఆవిడ అనుమానం రెట్టింపైంది. పోలీసులకి ఫోన్ చేస్తానంది. కంచె మీంచి చూస్తున్న నేను, కోపం ఎటు పోయిందో గానీ, కడుపు పట్టుకుని అటు పరుగెత్తాను.

"డెబ్రా, అవి చామంతులు! మా పూజకి!"

"జూలైలో చామంతులా?"

చివరికి అంకుల్ ఒక రాజీమార్గం కనిపెట్టారు. డెబ్రా మోకాళ్ళ మీద కూర్చుని గుడ్డ కింద తల దూర్చింది. ఆవిడ వీపు మీద అంకుల్ ఇంకో రెండు దుప్పట్లు కప్పారు. లోపల ఆవిడ ఫోన్ లైట్ వేయబోతే, "నో లైట్! వాసన చూడండి, వాసన!" అని కేకలు. రెండు నిమిషాల తర్వాత చెమటలు కక్కుతూ బయటికొచ్చింది.

"మా అమ్మమ్మ తోట వాసన" అంది. ఆగస్టు పదిహేడుకల్లా గుడ్డ తీసేయాలని గడువిచ్చి వెళ్ళిపోయింది. ఒక్కరోజు ఆలస్యంగా పూసినా ఆయన రెండు నెలల తపస్సు మట్టిపాలే. ఆ నెలంతా అంకుల్‌కి అన్నం సయించలేదు.

ఆగస్టు పదహారు, శనివారం. "పులిహోర చేశాను, రామ్మా" అని ఆంటీ పిలిస్తే వెళ్ళాను. హాల్లో ఒక పీట. దాని ఎదురుగా టాబ్లెట్, అందులో మా అమ్మ. పట్టుచీర కట్టుకుని, అక్కడ ఇండియాలో అర్ధరాత్రి దాటినా కొత్త పెళ్ళికూతురిలా మెరిసిపోతోంది!

"కూర్చోవే. నేను రాలేకపోతే నీ సీమంతం ఆగిపోవాలా?" అని కసిరింది.

అప్పుడొచ్చారు అంకుల్, రెండు చేతులా బుట్టతో. నిండా పసుపు చామంతులు.

"తెల్లవి తొందరగా పూస్తాయమ్మా. కానీ నీకు పసుపు చామంతుల జడే వేయాలని మీ అమ్మగారి ఆర్డర్. జూన్ నుంచీ వారం వారం మొగ్గల ఫోటోలు పంపిస్తున్నాను. ఎన్ని తిట్లు తిన్నానో!"

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. నవ్వే గెలిచింది. అమ్మ అటునుంచి చెబుతుంటే ఆంటీ ఒక్కొక్క పువ్వూ నా జడకి కుట్టారు.

జడ పూర్తయ్యాక అమ్మ దాన్ని తృప్తిగా చూసుకుని, "అన్నయ్యగారూ, బారసాలకి మల్లెపూలుంటే ఎంత బాగుంటుందో కదూ?" అంది.

బారసాల నవంబరు చివర్లో. టెక్సస్‌లో, ఆ చలిలో మల్లెలు!

అంకుల్ జేబులోంచి పెన్ను తీశారు. "మల్లెకి పగలు పొడుగ్గా ఉండాలి చెల్లెమ్మా. వేడీ కావాలి. గ్యారేజీలో పెద్ద పెద్ద లైట్లు పెట్టి రాత్రంతా వెలిగించాల్సిందే."

"కార్లెక్కడ పెడతారండీ?" అన్నారు ఆంటీ.

"కార్లు పూస్తాయా?" అన్నారాయన.

ఆంటీ నిట్టూర్చి, నా దోసిట్లో పసుపూ గాజులూ పెడుతూ, "రేపు పొద్దున్న రాకేష్‌ని ఒకసారి పంపమ్మా. గ్యారేజీ ఖాళీ చేయాలి" అన్నారు.