సాలు మారేటప్పటి విరామం

2023 ఫిబ్రవరిలో మాచర్ల నుంచి నరసరావుపేట వెళ్లే బస్సులో నా పక్కన ఒక అమ్మాయి కూర్చుంది. ఎవరూ పట్టించుకోని పాటలను జనంలోకి తీసుకువెళ్లడమే ఒక పాటల కంపెనీలో తన ఉద్యోగమని చెప్పింది. ఆరోజు మిరప కోతల్లో ఆడవాళ్లు పాడిన పాటను రికార్డు చేసుకుని వస్తోంది.

“ఎంతమంది వింటారమ్మా ఇవి?” అన్నాను. లెక్క తెలియనిదే నేను దేనినీ నమ్మను.

“చానా తక్కువ తాతయ్యా. ఇందులో మధ్యన ఇరవై రెండు సెకన్లు పాట ఆగుద్ది. ఇందాక ఫోన్లో పంపితే, జనం ఆగరు, ఆ ఖాళీ తీసెయ్యమంటున్నారు ఆఫీసోళ్లు. మీరు వినండి,” అంటూ ఇయర్‌ఫోను అందించింది.

పాట ఆగింది. గాజుల చప్పుడు, ఎవరిదో దగ్గు వినిపించాయి. ఆమె నా చేతినే గమనిస్తోంది. నేను ఇయర్‌ఫోను తీయలేదు.

“ఏంది తాతయ్యా, విసుగు రాలా?”

“ఒక వరస మిరప కోసేసి పక్క సాలుకు మారుతున్నారు గదమ్మా. మారినాక పాడతారు.”

పాడారు. ఆమె వెంటనే ఆఫీసుకు ఫోన్ చేసింది.

“తీయొద్దు సార్. ఆగి వినేవాళ్లు ఉన్నారు.”

“ఒక్కడినే గదమ్మా,” అని సరిదిద్దాను.

“మీతోనే మొదలెడతాం లెండి,” అని నవ్వింది.

ఆ పాట విడుదలయ్యాక ఫోనులో వెతికి, గడియారం ఎదురుగా పెట్టుకుని విన్నాను. ఇరవై రెండు సెకన్లూ ఉన్నాయి.