మణికట్టు మీది కట్టు

చంపాపేటలో చేత్తో గిటార్లు చేసే పెద్దాయన, అంచు చుట్టూ తెల్లటి ప్లాస్టిక్ పట్టీ అతికించాక జిగురు ఆరేదాకా గుడ్డపీలికలతో బిగించి కట్టేవాడు. నా గిటారుకు అతికిస్తున్న రోజు ఆయన ఎడమ మణికట్టుకు క్రేప్ బ్యాండేజీ కట్టుంది. ముందురోజే ఎల్బీనగర్‌లో బండి జారి ఎముక చిట్లిందట.

గిటారు నడుము వంపు దగ్గరికి వచ్చేసరికి పీలికలు అయిపోయాయి. అతికించిన పట్టీ పైకి లేస్తోంది. ఆయన పంటితో క్లిప్పు పీకి, తన చేతికట్టు విప్పి గిటారుకు చుట్టడం మొదలుపెట్టాడు.

"అయ్యో, మీ చెయ్యండీ!"

"చెయ్యి రేపు కట్టుకుంట సార్. గమ్ రేపటిదాక ఆగుతదా? జర గీ కొస పట్టుకోండ్రి."

పట్టుకున్నాను. వాచిన మణికట్టు వైపు ఆయన ఒక్కసారి కూడా చూడలేదు.

నా గిటారు అంచులో ఇప్పటికీ వెంట్రుక దూరే సందు లేదు. ఆయన మణికట్టు మాత్రం వంకరగానే అతుక్కుంది.