నాలుగు బ్రేకుల తుప్పు

మా బాబాయి తుప్పును చూస్తూ ఊరుకోలేడు. అది ఎవరి తుప్పయినా సరే. ఒకసారి పన్నునొప్పితో డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. నోరు తెరవమంటే, "ముందు మీ కుర్చీ సంగతి చూడండి, కింద బోల్టుకి తుప్పు పట్టింది" అన్నాడు. డాక్టరు చేతులు కడుక్కుని వచ్చేసరికి ఈయన కుర్చీ కింద దూరి, జేబులోంచి గరుకు కాగితం తీసి రుద్దుతున్నాడు. పన్ను సంగతి మరిచిపోయి ఇంటికొచ్చేశాడు. జేబురుమాలు లేకుండా బయటికి వెళ్తాడు గానీ, గరుకు కాగితం లేకుండా వెళ్ళడు.

అలాంటి మనిషి పోయి పోయి స్పోర్ట్స్ కారు కొన్నాడు. పాతదే. ఎర్ర రంగు, రెండు తలుపులు, రెండు సీట్లు, నేలకు జానెడెత్తు. అందులో కూర్చుంటే రోడ్డు మీద పడుకున్నట్టే ఉంటుంది. అంతవరకూ బాగానే ఉంది. కానీ ఆ చక్రాలకు ఇంతేసి సందులు. బ్రేకు తొక్కినప్పుడు చక్రాన్ని ఆపే గుండ్రటి ఇనుప డిస్కులు ఆ సందుల్లోంచి అందరికీ కనిపిస్తాయి. ఇనుమన్నాక, రాత్రంతా మంచులో ఉన్నాక, పొద్దున్నకి నారింజ రంగు తుప్పు రాకుండా ఉంటుందా? మామూలు కారైతే ఎవరికీ కనపడదు. దీంట్లో మాత్రం నాలుగు చక్రాల్లోంచీ సరాసరి మా బాబాయి మొహంలోకే చూస్తుంది.

"కాఫీ చల్లారిపోతోందండీ!" అని పిన్ని లోపల్నుంచి అరుస్తుంది.

"చల్లారనీ! ఇక్కడ కొంప మునుగుతోంది!" అని ఈయన చక్రం పక్కన గొంతుక్కూర్చుని అరుస్తాడు.

మొదట్లో రోజూ కారు కడిగేవాడు. కడిగితే తడి, తడికి తుప్పు. తుప్పు పోవాలంటే కారు తిప్పాలి, తిప్పితే దుమ్ము, దుమ్ము పడితే మళ్ళీ కడగాలి. ఒక ఆదివారం ఇలా నాలుగుసార్లు కడిగాడు. ఐదోసారికి పిన్ని కుళాయి కట్టేసి కూర్చుంది. అప్పుడీయనకు ఇంకో బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. పిన్ని కుట్టుమిషను నూనె తెచ్చి డిస్కులకు పట్టించాడు. ఆ రోజు బ్రేకు తొక్కితే కారు ఆగలేదు. వీధి చివర ఎవరో ఇల్లు కట్టుకుంటూ పోయించిన ఇసుకగుట్ట పుణ్యమా అని మా బాబాయి బతికి బయటపడ్డాడు.

మెకానిక్ వచ్చి తల పట్టుకున్నాడు. "సార్, బ్రేకులకి నూనె రాసేవాళ్ళని నా సర్వీసులో ఇప్పుడే చూడ్డం! అది పైపై తుప్పు సార్. నాలుగుసార్లు బ్రేకు తొక్కితే అదే పోతుంది."

"నాలుగంటే నాలుగేనా?"

"నాలుగే."

ఆ మాట అన్నందుకు మా వీధంతా ఆ మెకానిక్కుని ఇప్పటికీ తిట్టుకుంటుంది. పొద్దున్నే కారు పది గజాలు కదలడం, కర్ర్ర్‌మని ఆగడం, కిందికి దిగి నాలుగు చక్రాలూ చూసుకోవడం, మళ్ళీ కదలడం. మా ఇల్లు పక్కదే కాబట్టి మొదటి కర్ర్ర్ నాదే. అలారం పెట్టుకోవడం మానేశాను.

ఇంతవరకూ నవ్వుకున్నాను. టీచరుగారిని ఇందులోకి లాగినప్పుడు మాత్రం నాకు ఒళ్ళు మండింది.

ఎదురింటి మేడ మీద టీచరుగారు ఒక్కరే ఉంటారు. ముప్ఫై ఏళ్ళు బడిలో సైన్సు చెప్పి రిటైరయ్యారు. ఈమధ్యే పడి మోకాలు విరగ్గొట్టుకుంటే ఆపరేషన్ చేశారు. రోజూ ఆసుపత్రికి వెళ్ళి నలభై రోజులు వ్యాయామం చెయ్యకపోతే కాలు బిగుసుకుపోతుందనీ, ఇక ఆ మేడమెట్ల మీద ఆశ వదులుకోవాలనీ డాక్టరు కచ్చితంగా చెప్పాడు. అంటే ఆవిడ ఇల్లే వదులుకోవాలి. పోనీ తోడొస్తానంటే, "నా కాళ్ళ మీద నేను వెళ్ళగలనమ్మా" అని నన్ను పంపించేశారు. కర్ర పట్టుకుని రెండు రోజులు వెళ్ళారు. మూడో రోజు వీధి మలుపులోనే కూలబడిపోయారు.

ఆ మర్నాడే మా బాబాయి తయారయ్యాడు.

"టీచరుగారూ, మీరే నాకో సాయం చెయ్యాలి. పక్క సీట్లో బరువు లేక ఆ వైపు బ్రేకులు సరిగ్గా పట్టడం లేదు. తుప్పు పోవట్లేదు. మీరు రోజూ కాసేపు కూర్చుంటే..."

"నన్ను బరువుకింద వాడుకుంటావటయ్యా?"

"ఇంకెవర్ని అడగనండీ? మా ఆవిడ రానంది."

టీచరుగారు కర్ర అందుకున్నారు. "సరే. సాయమని అడిగావు కాబట్టి వస్తాను."

నేలబారు సీట్లో రెండు దిండ్లు, కింద ఓ స్టూలు, పైనుంచి పట్టుకోవడానికి నేను. ఎక్కేముందు టీచరుగారు కళ్ళజోడు సవరించుకుని డిస్కులు చూసేవారు. "ఊఁ, ఉంది" అంటేనే కాలు లోపల పెట్టేవారు. ఏడింటికి వెళ్తే మళ్ళీ ఎనిమిదిన్నరకు రావడం. గంటన్నర! ఆసుపత్రిలో ఉండాల్సిన మనిషిని తుప్పు వదిలించుకోవడానికి ఊరంతా తిప్పుతున్నాడని ఓ రోజు దారికడ్డంగా నిలబడి అడిగేశాను.

"నీకసలు మనసుందా బాబాయ్? ఆవిడ మోకాలు ఏమైపోవాలి?"

"తుప్పు సంగతి నీకు తెలీదులే" అని దులిపేసుకుని వెళ్ళిపోయాడు.

ఇక లాభం లేదనుకున్నాను. ఆయన పొరుగూరు వెళ్ళిన రోజు చూసి మా పెరట్లో షెడ్డు ఖాళీ చేయించాను. మెకానిక్ పిన్ని దగ్గర తాళాలు తీసుకుని, కారు తెచ్చి లోపల పెట్టి, డిస్కులు ఆరబెట్టి, చక్రాలకు గుడ్డలు తొడిగాడు. మర్నాడు పొద్దున్న చూస్తే డిస్కులు అద్దాల్లా ఉన్నాయి. బాబాయి గంతులేస్తాడనుకున్నాను.

"తుప్పేదీ?" అన్నాడు.

"రాలేదు బాబాయ్! ఇక రాదు కూడా!"

ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. కారు బయటికి తీశాడు, లోపల పెట్టాడు, మళ్ళీ తీశాడు. మేడ మీద కిటికీ తెరుచుకుంది.

"ఏమయ్యా, ఇవాళ వెళ్ళొద్దా?"

"తుప్పు... రాలేదండీ."

"అయితే నాతో పనిలేదన్నమాట." కిటికీ మూసుకుంది.

మూడు రోజులు అది మళ్ళీ తెరుచుకోలేదు. సాయంత్రం కాగానే నేనే పట్టుబట్టి కారు షెడ్డులో పెట్టించేదాన్ని. మూడు రోజులూ బాబాయి కాలుగాలిన పిల్లిలా ఇంటికీ షెడ్డుకీ తిరిగాడు. ఎక్కడ కూర్చున్నా నిమిషంలో లేచిపోయేవాడు. పిన్ని భయపడి తనంతట తానే ఓ తుప్పు పట్టిన మూకుడు తెచ్చి ముందు పెట్టింది. దానికేసి కూడా చూడలేదు!

నాలుగో రోజు తెల్లవారుతుండగా షెడ్డులో చప్పుడైతే వెళ్ళి చూశాను. మా బాబాయి. చేతిలో మొక్కలకు నీళ్ళు కొట్టే సీసా. మొహం పక్కకు తిప్పుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, డిస్కు మీద ఉప్పునీళ్ళు కొడుతున్నాడు.

"బాబాయ్! తుప్పు పట్టిస్తున్నావా? నువ్వు?"

"మెల్లిగా అఘోరించు!" అన్నాడు. తప్పించుకునే దారి లేక చెప్పాడు. "వాలు రోడ్డు దిగితే కిందే ఆసుపత్రి. అక్కడిదాకా బ్రేకులు కొట్టుకుంటూ వెళ్తాను. డిస్కులు చల్లారాలంటే గంట పడుతుందని కారు అక్కడే ఆపుతాను. ఊరికే కూర్చోవడం ఎందుకు, లోపల మీ వ్యాయామం కానివ్వండీ అంటాను. ఇరవై ఆరు రోజులైంది. ఇంకా పద్నాలుగుండగా నువ్వూ, నీ షెడ్డూ దాపురించారు! నిన్న ఆవిణ్ణి మెట్ల మీద చూశాను. ఆ కాలు మళ్ళీ వంగడం లేదు."

"నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా?"

"నీకు చెబితే వీధంతటికీ చెప్పినట్టే. సాయం చేస్తున్నానని తెలిస్తే ఆవిడ చచ్చినా కారెక్కదు."

నాకు తల కొట్టేసినట్టయింది. మంచి చేస్తున్నాననుకుని ఎంత పని చేశాను! "ఇలా ఇవ్వు. వెనక చక్రాలు నేను చూస్తాను" అని సీసా లాక్కున్నాను.

ఏడింటికల్లా దివ్యమైన తుప్పు వచ్చింది. నేనే ఎదురింటికి పరిగెత్తి కేకేశాను. టీచరుగారు గోడ పట్టుకుని ఒక్కొక్క మెట్టూ దిగి వచ్చారు. కళ్ళజోడు సవరించుకుని చూశారు. ఈసారి 'ఊఁ' అనలేదు. డిస్కు మీద వేలితో రాసి, వేళ్ళ మధ్య నలిపి చూశారు.

"ఉప్పెక్కువైంది" అన్నారు.

నేను సీసా వెనక దాచుకున్నాను.

"ముప్ఫై ఏళ్ళు తుప్పు పాఠం చెప్పినదాన్నయ్యా. మంచుకి వచ్చిందేదో, ఉప్పునీళ్ళకి వచ్చిందేదో నాకు తెలీదూ? పక్క సీట్లో బరువుంటే తుప్పు పోతుందని ఏ పుస్తకంలో ఉంది?"

"మరి తెలిసి కూడా ఇన్నాళ్ళూ...?" అన్నాను నేను.

"సాయం చేస్తామంటే వద్దనడం నాకు అలవాటైపోయిందమ్మా. సాయం కావాలని వస్తే మాత్రం కాదనలేను. ఆ సంగతి కనిపెట్టింది ఈయనొక్కడే." ఆవిడ స్టూలు మీద కాలు పెట్టి, నా భుజం పట్టుకుని దిండ్ల మీద కూర్చున్నారు. "ఎక్కవయ్యా, అలా నిలబడతావేం? మూడు రోజులు వెనకబడ్డాం."

బాబాయి ఎక్కాడు. కారు పది గజాలు వెళ్ళి కర్ర్ర్‌మని ఆగింది. ఆ చప్పుడు అంత బాగుంటుందని నాకు అంతకుముందు తెలీదు. టీచరుగారు కిటికీలోంచి తల బయటపెట్టి నన్ను పిలిచారు.

"పిల్లా! రేపట్నుంచి సీసాకి ఒక్క చెంచా చాలు. ఎక్కువైతే డిస్కులు నిజంగానే పాడైపోతాయి. పాపం, ఈయన తట్టుకోలేడు."