వేలు జారిన వార్త

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని పెద్దలు చెప్పారు. వేలు జారితే ఏమవుతుందో చెప్పలేదు. పాపం, వాళ్లకు కీబోర్డు లేదు. ఆ లోటు నేను పూడుస్తాను. ఒక్క అక్షరంతో, ముహూర్తం పెట్టుకున్న పెళ్లిని ఇంచుమించు చెడగొట్టిన ఘనుణ్ని నేనే.

తొంభైల నడుమ ఖరగ్‌పూర్‌లో ఇంజనీరింగు చదువుతుండేవాణ్ని. తెలుగు పత్రిక రైల్లో ఒక రోజు ఆలస్యంగా, నిన్నటి ఉప్మాలా చల్లారి వచ్చేది. అప్పుడే మా కంప్యూటర్ గదిలోకి ఈమెయిలు వచ్చింది. నా బుర్ర వెలిగింది. ఊళ్లోని తెలుగువాళ్ల కబుర్లు పోగుచేసి, ప్రతి శనివారం ఈమెయిలులో పత్రిక పంపడం మొదలుపెట్టాను. సంపాదకుణ్ని నేనే, విలేఖరినీ నేనే. పాఠకులు ఓ నలభై మంది. ఇక్కడ చదివి బెంగళూరు, హైదరాబాదు ఉద్యోగాలకు వెళ్లినవాళ్లు. ఆ కంప్యూటర్లలో తెలుగు అక్షరాలు లేవు కనుక తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాణ్ని. చూస్తే ఇంగ్లీషు, చదివితే తెలుగు, అర్థమైతే అదృష్టం.

గోల్‌బజార్‌లో బట్టల కొట్టు సన్యాసిరావు గారు నాకు ప్రతి ఆదివారం భోజనం పెట్టే దేవుడు. వాళ్లమ్మాయి సత్యవతికి విజయనగరం సంబంధం ఖాయమైంది. మాఘంలో ముహూర్తం. ఆ హడావిడిలో వాళ్లింటి పిల్లి ఎటో వెళ్లిపోయింది. సన్యాసిరావు గారి భార్య పైడితల్లి గారు దాని మీద బెంగతో అన్నం మానేశారు.

“బాబూ, నీ కంపూటర్లో ఎయ్యి. ఎవులికైనా అవుపిస్తే సెప్తారు” అన్నారామె.

గోల్‌బజార్ పిల్లి బెంగళూరువాళ్లకు ఎలా కనిపిస్తుందని ఆమె ఆలోచించలేదు. నేనూ ఆలోచించలేదు. ఆ వారం పత్రిక నిండా పెళ్లి కబుర్లే. ఐదుసార్లు ‘పెళ్లి’ అని కొట్టిన వేళ్లు ఆరోసారి కూడా అలవాటుగా అదే కొట్టేశాయి. ఇంగ్లీషు ‘ఐ’ కొట్టాల్సిన చోట ‘ఈ’ పడి, pilli కాస్తా pelli అయింది. అంతే. నలభై మందికి వెళ్లిన వార్త ఇదీ: “సన్యాసిరావు గారింట్లో పెళ్లి తప్పిపోయింది. ఇంటిల్లిపాదీ ఏడుస్తున్నారు.”

మర్నాడు ఆ పత్రికను కాగితం మీద అచ్చు తీసుకుని, మెప్పు కోసం కొట్టుకు వెళ్లాను. సన్యాసిరావు గారు ఫోనులో ఉన్నారు.

“ఏటి బావగారూ! పెళ్లి తప్పిపోడవేటి? ఎవులన్నారు? ... కంపూటర్లోనా?”

ఆయన చూపు మెల్లగా నా మీదికి తిరిగింది. పెళ్లికొడుకు అన్న బెంగళూరులో పనిచేస్తాడట. నా పాఠకుల్లో ఒకడిది అతని పక్క కుర్చీయేనట.

కొట్టు వెనకే వాళ్లిల్లు. ఫోను మాటలు విని వచ్చిన సత్యవతి నా చేతిలోని కాగితం తీసుకుని చదివింది. “నాన్నా, పెళ్లి అనే రాసినారు” అంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

“రాసినోడివి నువ్వే సెప్పు” అని సన్యాసిరావు గారు ఫోను నా చేతిలో పెట్టారు.

“అయ్యా, తప్పిపోయింది పెళ్లి కాదండి, పిల్లి!”

లైను గరగరలాడింది. “పిల్లా?” అవతల సత్యవతికి కాబోయే మామగారి కేక. “ఏవే, ఇన్నావా? పిల్ల తప్పిపోనాదట!”

చూశారా, నా ప్రతిభ! చెడిన పెళ్లిని బాగుచేయబోయి పెళ్లికూతుర్నే మాయం చేశాను.

“పిల్ల కాదండి, పిల్లి! నాలుగు కాళ్లది!”

“నాలుగు నాళ్లా? నాలుగు నాళ్ల కితవే ఎల్లిపోనాదా?”

కొట్టు ముందు జనం మూగారు. నాకు మాటల మీద నమ్మకం పోయింది. రిసీవరు రెండు చేతులా పట్టుకుని, “మ్యావ్! మ్యావ్!” అన్నాను.

పక్క మిఠాయి కొట్టు దాదా తల బయటపెట్టి, “ఓ, బేడాల్!” అన్నాడు. బెంగాలీలో పిల్లిని అలాగే అంటారు. అప్పటిదాకా నా వార్త సరిగ్గా అర్థమైంది, తెలుగు రాని ఆయనొక్కడికే.

సత్యవతి కళ్లు తుడుచుకుని ఫోను అందుకుంది.

“మావయ్యగారూ, నాను సత్యవతిని. ఇంటికాడే ఉన్నాను. తప్పిపోయింది మా అమ్మ పెంచుకున్న పిల్లండి, పిల్లి. పెళ్లికి మేం సిద్ధంగానే ఉన్నాం.”

అవతలి నుంచి మా అందరికీ వినబడేంత పెద్ద నవ్వు. “మరి ఆ మ్యావన్నోడు ఎవుడమ్మా?”

సత్యవతి నన్ను ఎగాదిగా చూసింది. “పత్రికా సంపాదకుడండి” అంది.

సోమవారం సవరణ పంపాను. అప్పుడు తెలిసింది ఈ కొత్తరకం పత్రికల గుట్టు. తప్పుడు వార్తను నా పాఠకులు తలా పదిమందికి పంపారు. సవరణను ఒక్కడూ పంపలేదు. సన్యాసిరావు గారికి నెల్లాళ్లు ఓదార్పు ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. పిల్లి మాత్రం మూడో రోజునే, ఏ పత్రికా చదవకుండా, తనంతట తనే ఇంటికొచ్చింది.

పెళ్లి అనుకున్న ముహూర్తానికే, న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలోని గుడిలో జరిగింది. పంక్తిలో కూర్చుని, అలవాటు కొద్దీ జేబులోంచి కలం తీశాను. వడ్డన చూస్తున్న సన్యాసిరావు గారు గబగబా వచ్చి, కలం లాక్కుని, ఆ చేతిలో బూరె పెట్టారు.

“తిను బాబూ. రాయకు.”

ఆ విస్తరి సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను. పెళ్లి గురించి గాని, పిల్ల గురించి గాని, పిల్లి గురించి గాని, ఈ జన్మలో తెలుగు అక్షరాల్లో తప్ప రాయను.