భూలక్ష్మికి మూడో రోజు

కేసముద్రం మార్కెట్ యార్డులో మక్కజొన్నలు జల్లెడ పట్టే ఆడవాళ్లలో భూలక్ష్మిది అందరికంటే చురుకైన చెయ్యి. తోటి కూలీకి పిల్ల జ్వరమని ఇంటికి పోవాల్సి వస్తే, ఆమె రాశి కూడా తానే పూర్తిచేసేది. కల్లు గీసే భర్త కాటమయ్య తాటిచెట్టు మీంచి పడి చనిపోయినప్పుడు కూతురు సంధ్యకు తొమ్మిదేళ్లు. ఆ ఏడే భూలక్ష్మి తాగడం మొదలుపెట్టింది.

మొదట ఒళ్లు నొప్పులకని సాయంత్రాలు కొంచెం. తర్వాత నిద్ర కోసం. పదేళ్లు దాటేసరికి పొద్దున లేవగానే రెండు గుక్కలు పడితే తప్ప చేతుల వణుకు ఆగేది కాదు. తూలింది లేదు, ఎవరినీ తిట్టింది లేదు. అందుకే తల్లి తాగుతుందని ఎవరికీ తెలియదనుకునేది సంధ్య.

సంధ్య పెళ్లై మహబూబాబాద్ వెళ్లింది. ఆమె ఐదో నెల కడుపుతో ఉండగా, భూలక్ష్మి బస్తాల మీంచి జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకుంది. మహబూబాబాద్‌లోనే ఒక దవాఖానలో చేర్చారు. డాక్టరమ్మ ఒక్కొక్కటే అడుగుతూ రాసుకుంటోంది.

"తాగే అలవాటు ఉందా?"

మంచం పక్కనే సంధ్య అత్త ముత్తమ్మ నిలబడి ఉంది. సంధ్య తల దించుకుని, "లేదు మేడం" అంది. భూలక్ష్మి కూతురి ముఖంలోకి ఒకసారి చూసి కళ్లు మూసుకుంది.

రెండో రోజు ఆమెకు చెమటలు పట్టాయి. చేతిలో గ్లాసు నిలవలేదు.

"బిడ్డా, జరంత తెచ్చియ్యరాదె. పానం ఆగుతలేదు," అంది గొంతు తగ్గించి.

"గీడ గా ముచ్చట తియ్యకవ్వా. మా అత్తమ్మ ఇంటది," అంది సంధ్య. ఈ వంకతోనైనా తల్లి మానేస్తుందని లోపల ఆశపడింది కూడా.

మూడో రోజు భూలక్ష్మి దుప్పటి మీద లేని చీమల్ని ఏరడం మొదలుపెట్టింది. "బస్తాలకెల్లి వస్తున్నయ్, దులుపున్రి!" అని అరిచింది. గోడ వైపు చూసి, "మీ నాయిన వచ్చిండు, నీళ్లియ్యవే" అంది. సంధ్య చెయ్యి పట్టుకుంటే తోసేసింది. అంతలోనే ఒళ్లంతా కొయ్యలా బిగుసుకుని ఫిట్స్ వచ్చాయి.

అప్పుడు, వార్డు బయట, సంధ్య ఉన్నదంతా చెప్పింది. డాక్టరమ్మ కోప్పడలేదు.

"మెదడుల ఉరికించే రసాయనాలు ఉంటయి, ఆపే రసాయనాలు ఉంటయి. ఆపే పని రోజూ తాగుడే చేస్తుంటే, ఏండ్లు గడిచేకొద్ది మెదడు దానికి తగ్గట్టు మారుతది. తన ఆపే బలం తగ్గించుకుంటది, ఉరికే జోరు పెంచుకుంటది. ఒక్కపారి తాగుడు బందైతే ఇగ ఆపేదేముంటది? గీ వణుకు, లేనివి కనబడుడు, ఫిట్స్ అన్నీ గందుకే. ముందే తెలిస్తే మొదటి రోజే గోలీలు, బీ-వన్ విటమిన్ సూదులు ఇస్తుంటిమి."

"అంటే నేనే చేసినానా మేడం?"

"ఇన్నేండ్ల తాగుడు చేసింది. నువ్వు భయపడ్డవు, గంతే."

వెనకనే ఉన్న ముత్తమ్మ సంధ్య భుజం పట్టుకుంది. "నా దగ్గర దాచుడెందుకు బిడ్డా? మీ అవ్వ సంగతి పెండ్లికి ముందే నాకెరికె. ఒక్కతే పిల్లను సాదుకున్నది, ఎంత పరేషాన్ పడ్డదో అనుకున్న."

సంధ్య అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది.

భూలక్ష్మి బతికింది. కాలు అతుక్కుంది. కొత్తగా జరిగినదేదీ మాత్రం ఆమె మనసులో నిలవదు, గడిచిన కొన్నేళ్లు కూడా చెరిగిపోయాయి. తాగుడుతో ఒంట్లో బీ-వన్ తరిగిపోయిందని, సూదులు ఆలస్యంగా పడ్డాయని, జ్ఞాపకశక్తి కొంత తిరిగి రావచ్చని, అంతా రాకపోవచ్చని డాక్టరమ్మ చెప్పింది. భూలక్ష్మి పొద్దంతా సంధ్య ఇంట్లోనే ఉండి, ఇప్పుడే యార్డు నుంచి వచ్చానంటుంది. అబద్ధమాడటం కాదది, నిజంగానే అలా అనుకుంటుంది. తాగుడు ఊసే ఎత్తదు.

సంధ్యకు ఆడపిల్ల పుట్టింది, నవ్య అని పేరు పెట్టారు. పాపను ఒళ్లో పెడితే భూలక్ష్మి ముఖం విప్పారుతుంది.

"ఎవలి పిల్లనే? ఎంత ముద్దుగున్నది!"

"నా బిడ్డనే అవ్వా. నీ మనుమరాలు."

"నీకు పెండ్లెప్పుడైందే? నన్ను పిలువనే లేదు!" అని కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. పాపను గుండెకు హత్తుకుని ముద్దాడుతుంది. సంధ్య లోపలికెళ్లి పాలు కలిపి తెచ్చేసరికి తలెత్తి మళ్లీ అడుగుతుంది.

"ఎవలి పిల్లనే?"